పాత టెంపో ట్రావెలర్: ప్రైమర్ కొడితేనే స్టార్ట్ అవుతోంది, ఎక్కడా చుక్క కారట్లేదు. డీజిల్ లైనులో ఎయిర్ ఎక్కడ పడుతోంది?

గోస్తని_బండి (భీమిలి)

అందరికీ నమస్తే. నాది 2005 మోడల్ టెంపో ట్రావెలర్. పాత మెర్సిడెస్ డిజైన్ ఇంజన్, పక్కన మైకో కంపెనీ ఇన్‌లైన్ పంపు (నాజిళ్లకి డీజిల్ కొట్టే మెయిన్ పంపు ఇదే). సొంత వాడకం, చుట్టాల పెళ్లిళ్లు, సీజన్‌లో అరకు ట్రిప్పులు, అంతే.

ఎండాకాలం నుంచి ఒకటే గోల. రాత్రి ఆపిన బండి పొద్దున్న సెల్ఫ్ కొడితే గిరగిరా తిరుగుతుంది గానీ అందుకోదు. బానెట్ ఎత్తి హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు) గట్టిపడేదాకా కొడితే మాత్రం ఒక్క దెబ్బకి స్టార్ట్. ఇక సాయంత్రం దాకా ఏ పేచీ లేదు. వేడి మీద ఎన్నిసార్లు ఆపి తీసినా వెంటనే అందుకుంటుంది.

ఇంకోటి. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు లోడు మీద మిస్సింగ్ వస్తోంది. యాక్సిలరేటర్ వదిలి రెండు క్షణాలు ఆగితే మళ్లీ లాగుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఇది దాదాపు ఉండదు, సగానికి దిగితే మొదలు.

ఇప్పటికి ఫిల్టర్లు మార్చాం, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగి మెయిన్ పంపుకి అందించేది) కొత్తది వేశాం, హీటర్ ప్లగ్‌లు నాలుగూ కొత్తవే. ఇప్పుడు మెకానిక్ మెయిన్ పంపు దించి కాలిబ్రేషన్‌కి ఇద్దాం, పాతిక వేల దాకా అవుతుంది అంటున్నాడు. కింద దూరి టార్చ్ వేసి అంతా చూశాను, ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు. కారకుండా ఎయిర్ ఎలా పడుతుంది? పంపు దించమనాలా?

రాత్రిబండి (సూర్యాపేట)

ఫీడ్ పంపు వాల్వులు పోయుంటాయి అన్నా. కొత్తది వేసెయ్, సెట్ అయిపోతది.

ఆరుచక్రాలు (నంద్యాల)

కొత్త ఫీడ్ పంపు వేశానని పైనే రాశాడు కదయ్యా.

మేస్త్రి_పానా (విజయవాడ ఆటోనగర్)

గోస్తని గారూ, పంపు మీద చెయ్యి వెయ్యనివ్వకండి. మెయిన్ పంపు ఎలిమెంట్లు (లోపలి చిన్న పిస్టన్లు) అరిగితే గొడవ వేడి మీద వస్తుంది. డీజిల్ వేడెక్కి పలచబడి, అరిగిన సందులోంచి జారిపోతుంది, సెల్ఫ్ స్పీడుకి ప్రెషర్ పుట్టదు. అలాంటి బండి పొద్దున్న బాగానే తీస్తుంది, మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర ఆపితే మొరాయిస్తుంది. మీది సరిగ్గా రివర్స్. పైగా ప్రైమర్ కొడితే అందుకుంటోంది అంటే పంపుకి డీజిల్ అందితే అది తన పని తాను చేస్తోందన్నమాట.

ఇక కారకుండా ఎయిర్ ఎలా అన్నారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైను సక్షన్ లైను. ఇంజన్ తిరుగుతున్నప్పుడు అక్కడ పైపు లోపల ప్రెషర్ బయటి గాలి కంటే తక్కువ. కన్నం ఉంటే బయటి గాలి లోపలికి పోతుంది తప్ప డీజిల్ బయటికి రాదు. ఫీడ్ పంపు దాటాక ఫిల్టరు, మెయిన్ పంపు దాకా ప్రెషర్ వైపు. అక్కడ లూజు ఉంటే తడి కనబడుతుంది. అందుకే తడి లేని బండిలో నేను ముందు అనుమానించేది వెనక సగాన్నే. పొడిగా ఉన్న జాయింటు మంచిదని అనుకోకూడదు.

రాత్రి ఏం జరుగుతుందంటే, కూల్‌డ్రింక్ స్ట్రా పైన వేలు పెట్టి ఎత్తితే లోపలి డ్రింక్ నిలబడుతుంది కదా, మంచి లైనులో డీజిల్ అలాగే నిలబడి ఉంటుంది. సూదిమొనంత సందు ఉన్నా నెమ్మదిగా గాలి దూరి, డీజిల్ ట్యాంకులోకి దిగిపోతుంది. పొద్దున్న ఫీడ్ పంపు ఖాళీ పైపు లాగాలి. సెల్ఫ్ మీద ఇంజన్ నిమిషానికి రెండొందల చుట్లు తిరిగిందనుకోండి, మెయిన్ పంపు దాంట్లో సగమే తిరుగుతుంది, ఫీడ్ పంపు దాని క్యామ్ మీదే కొట్టుకుంటుంది. ఆ కాసిని దెబ్బలతో అంత పొడుగు పైపు నిండేలోపు బ్యాటరీ దిగిపోతుంది.

ముందు పైసా ఖర్చు లేని రెండు పనులు చేసి చెప్పండి. రేపు పొద్దున్న ప్రైమర్ కొట్టకుండా సెల్ఫ్ కొడుతూ, సైలెన్సర్ దగ్గర ఎవరినైనా నిలబెట్టండి. తెల్లపొగ డీజిల్ వాసనతో వస్తుంటే డీజిల్ అందుతోంది, మండట్లేదు. అంటే హీటర్ సర్క్యూటో కంప్రెషనో చూడాలి. పొగ అసలు లేకపోతే సిలిండర్లలోకి డీజిల్ రావట్లేదు. రెండోది, ఒక రాత్రి ముక్కు పల్లానికి పెట్టి ఆపండి. ట్యాంకు వెనక, పంపు ముందు కాబట్టి డీజిల్ వెనక్కి దిగడానికి దారి తగ్గుతుంది. ఆ పొద్దున్న బాగా తీస్తే మన అనుమానం గట్టిపడినట్టే. ఛాసిస్ కింద పొడుగునా అట్టముక్కలు పరవండి. పల్లానికి నిలబడితే లైనులో కొంచెం ప్రెషర్ ఉంటుంది, కాబట్టి మామూలుగా పొడిగా ఉండే చోట రాత్రికి రాత్రి తడి తేలే అవకాశం ఉంది.

సెల్ఫ్ పదిహేను సెకన్లకి మించి పట్టుకోకండి, మధ్యలో చల్లారనివ్వండి. ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోల్ గుడ్డ, స్ప్రే లాంటివి చస్తే వద్దు. హీటర్ ప్లగ్ ఉన్న ఇంజన్‌లో అవి ఎప్పుడు అంటుకుంటాయో చెప్పలేం, పిస్టన్లు పగిలిన బళ్లు చూశాను.

పద్మజ_ట్రిప్స్ (తణుకు)

స్కూలు వ్యాన్లు నడుపుతున్న అనుభవంతో ఒక మాట. ఘాట్ మిస్సింగ్ ఉందన్నారు కాబట్టి ట్యాంకు మూత కూడా చూడండి. మా దగ్గర ఒక డ్రైవరు వానకి ట్యాంకులో నీళ్లు పడుతున్నాయని మూత కింద ప్లాస్టిక్ కవరు పెట్టి బిగించేవాడు. మూతలో గాలి పీల్చే రంధ్రం మూసుకుపోయి, కొంత దూరం పోయాక లోపల వాక్యూమ్ ఏర్పడి బండి నిలబడిపోయేది. మూత తీస్తే ఉస్సుమని శబ్దం. కాసేపాగి బయలుదేరితే మళ్లీ మామూలే. మూడు షాపులు తిప్పాక గానీ బయటపడలేదు.

మీకు పొద్దున్న పూట గొడవ ఉంది కాబట్టి ఇది కాకపోవచ్చు, కానీ చూడటానికి ఖర్చేముంది.

క్వాలిస్2003 (కర్నూలు)

మేస్త్రి గారు చెప్పింది నిజం. నా క్వాలిస్‌కి అసలు ఫీడ్ పంపే ఉండదు. రోటరీ పంపు లోపలున్న వేన్ పంపే ట్యాంకు నుంచి లాక్కుంటుంది. అంటే ఫిల్టర్‌తో సహా మొత్తం లైను సక్షనే, ఎక్కడ లూజున్నా బయటికి తడి కనబడదు. నాకు కూడా పొద్దున్న ఇదే కథ. చివరికి చూస్తే ఫిల్టర్ హెడ్ మీద అరచేత్తో నొక్కే ప్రైమర్ ఉంటుంది కదా, దాని లోపలి రబ్బరు చిట్లింది. నొక్కితే పనిచేస్తుంది, వదిలేస్తే గాలి పీలుస్తుంది. అది అనుమానం రాకుండా ఎంత కాలం దాక్కుందో! ట్రావెలర్‌లో ప్రైమర్ ఫీడ్ పంపు మీదే ఉంటుందనుకుంటా. కొట్టాక మరను కిందికి తిప్పి బిగిస్తున్నారా? కొందరు అలాగే పైకి వదిలేస్తారు.

రాత్రిబండి (సూర్యాపేట)

అన్ని జాయింట్లకి టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే పోలా? ఇంత టెన్షన్ ఎందుకు?

మేస్త్రి_పానా (విజయవాడ ఆటోనగర్)

తమ్ముడూ, బ్యాంజో బోల్టులో (పైపు చివరి రింగులోంచి దూర్చి బిగించే బోలు బోల్టు) సీలు పట్టేది మర మీద కాదు, రెండు పక్కలా ఉండే కాపర్ వాషర్ మీద. మరకి ఎంత టేపు చుట్టినా గాలి వాషర్ పక్క నుంచే వస్తుంది. పైగా ఆ టేపు ముక్క చిరిగి లోపలికి పోతే వాల్వులోనో నాజిల్‌లోనో ఇరుక్కుంటుంది. వాషర్ కొత్తది వెయ్యాలి. దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, ముఖం గీతలు లేకుండా ఎమెరీ మీద రుద్ది వాడుకోవచ్చు. అల్యూమినియం వాషర్ అయితే అదీ వద్దు, పారెయ్యడమే.

ఫిల్టర్ మార్చినప్పుడు మధ్య బోల్టు వాషరూ, గిన్నె పైనున్న రబ్బరు రింగూ మార్చారో లేదో కూడా కనుక్కోండి గోస్తని గారూ. కొత్త రింగు వేస్తూ పాతది పీకడం మర్చిపోయే కుర్రాళ్లున్నారు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఒకరోజు బాగుంటుంది, మర్నాడు ఉండదు.

గోస్తని_బండి (భీమిలి)

అందరికీ థాంక్స్. మేస్త్రి గారూ, చేశాను.

పొగ: అస్సలు లేదు. మా అబ్బాయి సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, వట్టి గాలి. ప్రైమర్ కొట్టి మళ్లీ తీస్తే స్టార్ట్ అయ్యేముందు తెల్లగా ఒక్కసారి కొట్టి, అందుకుంది.

పల్లం: పావురాళ్లకొండ వైపు వెళ్లే ఎత్తు రోడ్డులో మా బావమరిది ఇల్లుంది. ముక్కు కిందికి పెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున్న ప్రైమర్ ముట్టకుండానే తీసింది! అట్టల మీద చుక్క పడలేదు గానీ డ్రైవర్ సీటు వెనక భాగంలో, ఛాసిస్ పైపు కింద ఒక అట్ట డీజిల్ వాసన వేస్తోంది. నా ముక్కు భ్రమేమో తెలీదు.

మూత తీస్తే శబ్దం లేదు. ప్రైమర్ మర బిగించే ఉంది. ఫిల్టర్ రింగు ఒకటే ఉంది.

లెస్టర్_తెలుగోడు (ఇంగ్లండ్)

ఇక్కడ నాది ఫోక్స్‌వ్యాగన్ టీ4 వ్యాన్, అదీ రోటరీ పంపు డీజిలే. ఈ బళ్లలో పేరుమోసిన జబ్బు ఇదే. ఫిల్టర్ మీద ప్లాస్టిక్ థర్మోస్టాట్ ముక్క ఒకటి క్లిప్పుతో ఉంటుంది, దాని కింద రెండు ఓ-రింగులు. ఫిల్టర్ మార్చినప్పుడల్లా అవి మార్చకపోతే ఎయిర్ మొదలు. ఇక్కడివాళ్లు ముందు చేసే పని పంపు దగ్గర ట్రాన్స్‌పరెంట్ పైపు పెట్టి బుడగలు చూడటం. అది చూడకుండా ఏ పార్టూ మార్చరు.

రబ్బరు గురించి ఒక విషయం. డీజిల్‌లో సల్ఫర్ తగ్గించే శుద్ధిలో అరోమాటిక్స్ కూడా మారతాయి. వాటిని పీల్చి ఉబ్బి కూర్చున్న పాత నైట్రైల్ రబ్బరు రింగులు కొత్త డీజిల్ తగిలాక కొంచెం కుంచించుకుపోతాయి. చాలా దేశాల్లో తక్కువ సల్ఫర్ డీజిల్ వచ్చిన కొత్తలో పాత బళ్లు లీకయ్యాయి. మన దగ్గర 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 డీజిల్, 10 పీపీఎం సల్ఫరే కదా. పాత రింగులుంటే వైటాన్ అనే ఇంకో రకం రబ్బరువి వేయించుకోండి.

మేస్త్రి_పానా (విజయవాడ ఆటోనగర్)

గోస్తని గారూ, ముక్కుని నమ్మండి. ఇప్పుడు చోటు పట్టుకోవాలి.

తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. జానెడు ముక్క ఫీడ్ పంపు ఇన్‌లెట్ దగ్గర పెట్టండి, ఇంకో ముక్క రిటర్న్ లైనులో (మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగెళ్లే పైపు). వదులుగా ఉంటే ఆ జాయింటే గాలి పీల్చి మనల్ని మోసం చేస్తుంది, కాబట్టి సరైన సైజు తీసుకుని రెండు వైపులా క్లిప్పు బిగించండి. ఈ పైపు పరీక్షకే. డీజిల్ తగిలి రోజుల్లో రాయిలా గట్టిపడుతుంది, వేడికి జారిపోతుంది. దాంతో రోడ్డెక్కొద్దు.

విప్పి బిగించాక లోపల ఎలాగూ గాలి ఉంటుంది. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే మర) వదులు చేసి, నురగ పోయి నిండుగా వచ్చేదాకా ప్రైమర్ కొట్టి, స్టార్ట్ చేసి, పది నిమిషాలు నడిచాక చూడండి. పైపు వంపులో ఒక పెద్ద బుడగ కదలకుండా కూర్చుంటే పట్టించుకోకండి. వరసగా ప్రయాణించే బుడగలే లెక్క. రేస్ పెంచి కూడా చూడండి.

బుడగల తీరు కూడా చూడాలి. మినపగింజంత బుడగలు విడివిడిగా వస్తుంటే బయటి గాలి దూరుతోంది. పొగమంచులా సన్నటి నురగ వస్తుంటే లైను ఎక్కడో మూసుకుపోయి, గట్టిగా లాగడం వల్ల డీజిల్‌లో కరిగున్న గాలే విడిపోతూ ఉండొచ్చు. అప్పుడు చూడాల్సింది ట్యాంకులో జల్లెడ. రెండూ కలిసి ఉండే బళ్లూ ఉన్నాయి. జల్లెడ సగం మూసుకుంటే లైనులో వాక్యూమ్ పెరిగి, అంతవరకు గొడవ పెట్టని చిన్న సందు కూడా గాలి పీల్చడం మొదలెడుతుంది.

బుడగలు కనబడ్డాక డబ్బా టెస్టు. ఐదు లీటర్ల శుభ్రమైన క్యాన్‌లో డీజిల్ పోసి, ఇన్‌లెట్‌కి మంచి డీజిల్ హోస్ పెట్టి అందులో ముంచండి. రిటర్న్ కూడా అందులోకే. క్యాన్ ఇంజన్ కన్నా కిందే, అంటే నేల మీదే పెట్టాలి. పైన కడితే డీజిల్ దానంతట అదే దిగివచ్చి, ఫీడ్ పంపు దగ్గర లూజున్నా బయటపడదు. క్యాన్ మీద బుడగలు ఆగిపోతే ఫీడ్ పంపు, ప్రైమర్, ఫిల్టరు అన్నిటి మీదా అనుమానం పోయినట్టే, తప్పు వెనక లైనులో. ఆగకపోతే ముందు భాగంలో.

ఆరుచక్రాలు (నంద్యాల)

మేస్త్రి గారూ, మాది బీఎస్4 కామన్ రైల్ (కంప్యూటర్ నడిపే హై-ప్రెషర్ డీజిల్ సిస్టమ్) ట్రావెలర్. స్టార్టింగ్ ట్రబుల్ వస్తే మా డ్రైవర్ నాజిల్ నట్లు వదులు చేసి ఎయిర్ తీస్తానంటున్నాడు. చెయ్యొచ్చా?

మేస్త్రి_పానా (విజయవాడ ఆటోనగర్)

ముట్టుకోనివ్వకండి! పాత మెకానికల్ పంపుల్లో నాజిల్ నట్టు అర చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టి ఎయిర్ తీస్తాం, అదీ మొహం దూరంగా పెట్టి. కామన్ రైల్‌లో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది. సన్నటి ధార చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది, పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, లోపల చెయ్యే పోతుంది. అలా తగిలితే వెంటనే హాస్పిటల్‌కి పోవాల్సిందే, నొప్పి లేదని ఆగకూడదు. మీ బండికి స్కానర్ పెట్టి, సెల్ఫ్ మీద రైల్ ప్రెషర్ ఎంత లేస్తోందో చూడండి. వెనక లో-ప్రెషర్ లైనులో గాలి వెతకడం మాత్రం ఇక్కడ చెప్పుకున్న పద్ధతే. దీనికి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ కలపొద్దు.

గోస్తని_బండి (భీమిలి)

లెవెల్ పైపు పెట్టాను. ఇన్‌లెట్ దగ్గర మినపగింజలు కాదు, బఠాణీలు! ఐడిల్‌లో ఒకటీ అరా, రేస్ పెంచితే వరసగా. క్యాన్ నేల మీద పెట్టి నడిపితే దాదాపు ఆగిపోయాయి. అప్పుడప్పుడు ఒక చిన్న బుడగ రిటర్న్‌లో కనబడుతోంది, ఇన్‌లెట్‌లో మాత్రం అద్దంలా ఉంది. క్యాన్ మీద రాత్రంతా వదిలేసి పొద్దున్న తీస్తే సెల్ఫ్‌కే అందుకుంది.

అంటే వెనక లైనే. రబ్బరు హోస్ రెండు చోట్ల ఉంది, మిగతాదంతా ఇనుప పైపు, ట్యాంకు నుంచి ఛాసిస్ వెంట. హోస్‌లు వంచి చూశాను, ట్యాంకు దగ్గరదానికి పైన సన్న పగుళ్లున్నాయి. ఇనుప పైపు పైకి బానే ఉంది, మట్టి పట్టి ఉంది.

రాత్రిబండి (సూర్యాపేట)

టైర్ షాపు కంప్రెషర్ గాలి ట్యాంకులోకి వదులు అన్నా. ఎక్కడ కన్నముంటే అక్కడ డీజిల్ చిమ్ముతది. ఐదు నిమిషాల పని.

లెక్కల_మాస్టారు (నల్లగొండ)

అలా చెయ్యకండి. ట్యాంకు పెద్ద ముఖం 60 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు అనుకుందాం. 2,400 చదరపు సెంటీమీటర్లు. కేవలం 3 పీఎస్ఐ గాలి పెడితే చదరపు సెంటీమీటరుకి సుమారు 0.21 కిలోల బరువు. మొత్తం ఆ ఒక్క రేకు మీద 500 కిలోలు! టైర్ షాపు గొట్టం వంద పీఎస్ఐ పైన ఇస్తుంది. ట్యాంకు ఉబ్బి అతుకు చీలుతుంది.

అసలు అంత ప్రెషర్ అవసరం కూడా లేదు. ట్యాంకులో డీజిల్ మట్టానికీ ఫీడ్ పంపుకీ అర మీటరు ఎత్తు తేడా అనుకుంటే, దాన్ని పైకి లాగడానికి కావలసింది 0.04 బార్, అంటే 0.6 పీఎస్ఐ. రాత్రి మీ లైనులోకి గాలిని లాగేది ఇంత చిన్న తేడానే. ట్యాంకు సగమైతే ఇబ్బంది పెరగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. మట్టం దిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. ఘాట్‌లో ముక్కు పైకి లేస్తే ఇంకా పెరుగుతుంది, పైగా లోడు మీద డీజిల్ కూడా ఎక్కువ కావాలి.

మేస్త్రి_పానా (విజయవాడ ఆటోనగర్)

మాస్టారూ, మా షాపు గోడ మీద రాయించుకోవాలి ఈ లెక్క.

ట్యాంకుకి గాలి పెట్టే పనే లేదు. పైపుని రెండు చివరలా విప్పండి. అందులో డీజిల్ గిన్నెలోకి దించి, ఒక చివర రబ్బరు ముక్క పెట్టి క్లిప్పు బిగించండి. రెండో చివర హోస్ ముక్కతో సైకిల్ పంపు కలపండి. పది పదిహేను పీఎస్ఐ చాలు. ముందు పైపు మీది మట్టి అంతా కడిగి, సబ్బునీళ్లు బ్రష్‌తో పూయండి. క్లాంపులు విప్పాలి, గుర్తుంచుకోండి. క్లాంపు కింద మట్టీ తడీ నిలబడి పైపుని తినేస్తాయి, బయటికి పెయింటు అలాగే ఉంటుంది. మీది సముద్రపు ఒడ్డు ఊరు కూడాను.

సబ్బు బుడగ రాలేదని మాత్రం పైపుకి సర్టిఫికెట్ ఇచ్చెయ్యకండి. కొన్ని హోస్‌లు లోపలి ప్రెషర్‌కి ఉబ్బి మూసుకుంటాయి, వాక్యూమ్‌కి నొక్కుకుని తెరుచుకుంటాయి. ఓ-రింగులూ అంతే. పగుళ్లున్న ఆ హోస్‌ని ఎలాగూ మార్చెయ్యండి.

గోస్తని_బండి (భీమిలి)

దొరికింది!!

డ్రైవర్ సీటు వెనక, ఛాసిస్ క్రాస్ మెంబర్ దగ్గర క్లాంపు. విప్పితే లోపలి రబ్బరు పట్టీ మట్టితో కలిసి నల్లటి ముద్దై ఉంది. తుడిచి చూస్తే పైపు చుట్టూ వేలెడు మేర తుప్పు పొలుసులు, గోటితో గీకితే రేకులు రేకులుగా లేచాయి. సబ్బునీళ్లు పూసి పంపు కొడితే, పొలుసుల మధ్య నుంచి ఒక్క బుడగ నెమ్మదిగా ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బింది. కన్నం కంటికి ఆనట్లేదు. పైకి చేత్తో తడిమితే పొడిగానే ఉంది, ఆ నల్లముద్ద మాత్రం డీజిల్ కంపు. అట్ట వాసన వేసింది సరిగ్గా దీని కిందే.

ఇప్పుడు సందేహం. మా మెకానిక్ ఎం-సీల్ పెడదాం అంటున్నాడు. ఇంకొకాయన అక్కడ కోసేసి రబ్బరు హోస్ తొడుగుదాం అన్నాడు. ఏసీ రిపేర్ కుర్రాడు రాగి పైపు మొత్తం లాగుతానంటున్నాడు. ఏది మంచిది?

క్వాలిస్2003 (కర్నూలు)

ఎం-సీల్ ఊరు చేరడానికి, అంతే. తుప్పు మీద అతకదు.

పద్మజ_ట్రిప్స్ (తణుకు)

మేం ఒక వ్యాన్‌కి కోసి హోస్ తొడిగించాం, ఏళ్లుగా బానే ఉంది. మొత్తం పైపు అంటే ఖర్చు కదా? సైలెన్సర్‌కి దూరంగా ఉంటే హోస్‌తో నష్టమేముంది?

మేస్త్రి_పానా (విజయవాడ ఆటోనగర్)

అమ్మా, మీరన్నదీ నిజమే, మిగతా పైపు గట్టిగా ఉంటే అలా నడుస్తుంది. కానీ ఒక క్లాంపు కింద ఇంత తిన్నదంటే మిగతా క్లాంపుల కింద ఎంతుందో. పైగా కోసిన చివర నున్నగా, కొంచెం ఉబ్బెత్తు అంచుతో ఉంటేనే హోస్ పట్టు దొరుకుతుంది. వట్టి కోత మీద తొడిగి క్లిప్పు బిగిస్తే రేపు అదే కొత్త ఎయిర్ లీకు. తుప్పు గరుకు మీద అయితే ఇక చెప్పక్కర్లేదు.

రాగి వద్దు. డీజిల్‌ని రాగి త్వరగా పాడుచేస్తుంది, జిగురు కడుతుంది. అదీగాక బండి అదురుకి రాగి బిరుసెక్కి పగులుతుంది.

నేనైతే స్టీలు పైపే వేయిస్తాను. పాత పైపు వంపులతో సహా తీసుకెళ్లి ఆటోనగర్‌లో పైపులు వంచేవాళ్లకి చూపిస్తే అదే సైజులో చేసిస్తారు. మీకు గాజువాక ఆటోనగర్ దగ్గర కదా. బిగించే ముందు లోపల గాలి కొట్టి శుభ్రం చెయ్యాలి, కోతలో రాలిన పొడి ఉంటే నేరుగా ఫీడ్ పంపు వాల్వు కింద కూర్చుంటుంది. క్లాంపు కింద కొత్త రబ్బరు పెట్టండి. హోస్ అడిగేటప్పుడు డీజిల్ హోస్ అని గట్టిగా చెప్పండి. నీళ్ల హోస్ ఇస్తే లోపలి పొర ఉబ్బి ఊడి దారి మూసేస్తుంది, బయటికి కొత్తగా మెరుస్తుంటుంది.

రిటర్న్‌లో అప్పుడప్పుడు కనబడ్డ బుడగ మర్చిపోలేదు కదా? ఇన్‌లెట్‌లో లేదు, రిటర్న్‌లో ఉంది అంటే మధ్యలో ఎక్కడో. ప్రైమర్ లోపలి ఓ-రింగు చూడండి. ఫీడ్ పంపు కొత్తది అన్నారు, ప్రైమర్ కూడా కొత్తదేనా, పాతది విప్పి దీనికి బిగించారా?

గోస్తని_బండి (భీమిలి)

అడిగితే పాతదే బిగించామన్నారు! కొత్త ప్రైమర్ వేయించాను. స్టీలు పైపు గాజువాకలో చేయించాను, హోస్‌లు రెండూ కొత్తవి, వాషర్లు కొత్తవి. లెవెల్ పైపు పెట్టి చూస్తే రెండు చోట్లా బుడగ లేదు. తీసేసి మామూలు హోస్ వేశాను. రోజూ సమతలం మీదే ఆపుతున్నాను, పొద్దున్న ప్రైమర్ జోలికి పోకుండానే తీస్తోంది. మెయిన్ పంపు దించలేదు.

ఆదివారం అరకు వెళ్లొచ్చాం, పన్నెండు మంది లోడు. గాలికొండ దాకా ఎక్కడా మిస్సింగ్ లేదు. తిరిగొచ్చాక ట్యాంకు ముల్లు బాగా కిందికి దిగినప్పుడు మా ఎత్తు రోడ్డు మీద ఒక్కసారి తడబడింది. నిండుగా కొట్టిస్తే లేదు. ఇంకా గాలేనా?

లెక్కల_మాస్టారు (నల్లగొండ)

అడుగున డీజిల్ కొంచెమే ఉన్నప్పుడు ఎత్తులో అది ట్యాంకు వెనక్కి జరుగుతుంది. సక్షన్ పైపు మూతి ఒక్క క్షణం గాలిలో తేలి ఉండొచ్చు.

మేస్త్రి_పానా (విజయవాడ ఆటోనగర్)

అదన్నా కావాలి, లేదా జల్లెడ దగ్గర చెత్త అన్నా. ఇరవై ఏళ్ల ట్యాంకు, కడిగించి ఎన్నాళ్లయింది? ట్యాంకులోని సక్షన్ పైపుకి చీలిక వచ్చినా ఇలాగే ఉంటుంది. మట్టం చీలిక కంటే పైనున్నంతసేపు డీజిలే లోపలికి పోతుంది, దిగగానే గాలి. ఫ్లోట్ యూనిట్ (డీజిల్ ముల్లుకి మట్టం చెప్పేది) తీసి చూస్తే మూడూ ఒకేసారి తేలిపోతాయి.

డీజిల్ పావు ట్యాంకు కన్నా తగ్గాకే పెట్టుకోండి ఆ పని, బరువు తక్కువ. ట్యాంకు దించాల్సి వస్తే బ్యాటరీ వైరు విప్పండి, అడుగు డ్రెయిన్ ప్లగ్ నుంచి మొదట వచ్చే అర లీటరు గాజు సీసాలో పట్టి పక్కన పెట్టండి. నీళ్లుంటే కాసేపటికి కింద గీత కడుతుంది. ఫ్లోట్ గ్యాస్కెట్, ప్లగ్ వాషర్ శనివారమే కొనుక్కోండి, ఆదివారం ఆటోనగర్‌లో షాపులుండవు.